ఎక్కేవాళ్లను చూసి ఒక ఇల్లు, దిగేవాళ్లను చూసి ఒక ఇల్లు

ఖమ్మం చుట్టుపక్కల పద్దెనిమిది కాలనీలు కాలినడకన తిరిగి, ఒక్కొక్కదాని నీళ్లు తాగి చూసి, గాలి పీల్చి చూసి, చివరికి ఒకదాన్ని ఎంచుకున్నానని ఈ మధ్య కనబడ్డ ప్రతివాళ్లకూ చెబుతున్నాను. చర్చి మెట్ల మీద చెప్పాను. కటింగ్ షాపులో చెప్పాను, అక్కడ పద్దెనిమిది కాస్తా ఇరవై అయ్యాయి. కాగితం మీదికి వచ్చేసరికి మాత్రం చెయ్యి ఎందుకో ఒప్పుకోవడం లేదు. మూడు. నేను చూసింది మూడే. అందులో మొదటిదాన్ని మా బామ్మర్ది స్కూటర్ దిగకుండానే చూశాను.

ఖమ్మాన్ని మహానగరం అంటే హైదరాబాదు వాళ్లు నవ్వుతారు. నవ్వుకోనీయండి. దమ్మపేట అవతల, పామాయిల్ తోటలు అయిపోయి అడవి మొదలయ్యే చోట కాపురమున్నవాడికి ఖమ్మం మహానగరమే. పెద్ద దవాఖానాకు, కంటి డాక్టరుకు, స్కానింగులకు మా వైపు నుంచి అందరూ పోయేది అక్కడికే. పొద్దున మొదటి బస్సెక్కితే ఎండెక్కినాక దిగుతాం.

నేను బస్సు కండక్టరుగా చేశాను. సర్వీసంతా ఆ అడవి రూట్లలోనే గడిచింది. ఒకసారి పెద్దపులి బస్సుకు అడ్డం నిలబడితే నేను కిందికి దిగి, దాని మొహం మీద విజిల్ వేసి, పక్కకు జరిపి, డబుల్ బెల్ కొట్టి బండిని కదిలించానని చాలామందికి చెప్పాను. అది అడవిపంది. విజిల్ వేసింది నిజమే. దిగలేదు.

ఇంత పెంచి చెప్పే మనిషిని, ఒక్క సంగతి మాత్రం తగ్గించి చెప్పాను. పోయిన ఎండాకాలం ఛాతీలో నొప్పి వచ్చింది. ఊరందరికీ గ్యాస్ అన్నాను. గ్యాస్ కాదు. తోటల రైతు ఒకాయన తన కారు వెనక సీట్లో నన్ను పడుకోబెట్టుకొని ఖమ్మం తీసుకుపోయాడు. నా తల మా ఇంటామె ఒళ్లో ఉంది. ఆమె మాటిమాటికీ "ఏ ఊరొచ్చింది?" అని అడుగుతోంది. ఆమెకు కనబడదు. నీటికాసులు వచ్చి రెండు కళ్ల పక్క చూపూ పోయింది. ఎదురుగా ఉన్నది మాత్రం గొట్టంలోంచి చూసినట్టు ఇంత కనబడుతుంది, అదీ మంచి వెలుతురు ఉంటేనే. డ్రైవర్ సీట్లో రైతు కంగారు మీద ఉన్నాడు, ఆమె మాట వినిపించుకునే స్థితిలో లేడు. పడుకున్న నేనే రోడ్డు గుంతల్ని బట్టి, మలుపుల్ని బట్టి చెప్పాను. సత్తుపల్లి. తల్లాడ. వైరా. వైరా దాటాక నాకు గొంతు రాలేదు. ఆమె ఇంకో రెండుసార్లు అడిగి, ఊరుకుంది.

స్టెంటు వేశారు. బతికాను. బామ్మర్ది ఇంట్లో మంచం మీద కూర్చొని కొంచెం బింకం తెచ్చుకున్నాక మా ఇంటామెతో అన్నాను.

"ఇగ ఖమ్మం కాడనే ఉందాం. దవాఖానా దగ్గరుంటది."

"ఉందాం. గని నాదొక మాట."

"చెప్పు."

"నేనొక్కదాన్నే ఇంట్లోంచి ఎల్లి, దుకాణం కాడికి పోయి, మళ్ల ఇంటికి రావాలె. ఎవ్వల చెయ్యి పట్టుకోకుండ. గట్లాంటి జాగ చూడు."

"నడిపిచ్చెటందుకు నేను లేనా?"

"అవ్, ఉన్నవ్," అంది. "మొన్న కారుల గూడ ఉన్నవ్."

మా ఊళ్లో ఆమెకు చూపు లేదన్న సంగతి కొత్తవాళ్లు కనిపెట్టలేరు. ఏ అరుగు ఎక్కడ ముగుస్తుందో, ఏ బర్రె ఎక్కడ కట్టేసి ఉంటుందో ఆమెకు తెలుసు. ఆ ఊరు వదిలి వస్తే కొత్త చోట ఆమె చూపు లేని మనిషి అయిపోతుంది. అందుకే ఆమె అడిగింది ఇల్లు కాదు. నేను లేని రోజున తనకు నడిచే దారి కావాలంటోంది. ఆ మాట ఆమె పైకి అనలేదు, నేనూ అనలేదు.

బామ్మర్దికి ఖమ్మంలో కరెంటు సామాన్ల షాపు ఉంది. కొత్తగా పడే ప్రతి వెంచర్‌లోనూ వైరింగు పని అతనిదే కాబట్టి, ఊరి చుట్టూ ఉన్న ఖాళీ భూమంతా తన మేనమామ ఆస్తి అన్నట్టు చూపిస్తాడు. నన్ను స్కూటర్ మీద ఎక్కించుకొని పెద్ద కమాను ఉన్న వెంచర్‌కు తీసుకుపోయాడు.

"బావా, నీ జన్మల ఇంత వెడల్పు రోడ్డు చూసినవా? నీ బస్సు గిర్రున తిప్పుకోవచ్చు."

"నేను డ్రైవర్‌ను కాదురా."

"అందుకే గద గన్ని ఏండ్లు జనం బతికి బట్టకట్టిన్రు."

బాగానే ఉంది. చెట్లు వరసగా, దీపాల స్తంభాలు వరసగా, ఇళ్లు మాత్రం అక్కడొకటి ఇక్కడొకటి. మర్నాడు వాళ్ల అక్కను ఆటోలో తెచ్చాడు. ఆమె దిగి, కర్ర ముందుకు చాపి పది అడుగులు వేసి ఆగిపోయింది.

"ఏందిరా, ఏ చప్పుడూ లేదు?"

"అందుకే గదక్కా ఈ ఏరియాకు అంత డిమాండ్."

"గోడ లేదు, మనిషి లేడు. ఎటు చెయ్యి చాపినా గాలే తగుల్తది. గోదారి నడుమ దింపినట్టున్నవ్. నన్ను ఒడ్డుకు తీసుకపో."

బామ్మర్ది మొహం మాడింది. అతని మొహం అలా ఉండగానే నేను గొప్పగా ప్రకటించాను. ఇల్లు ఎట్లా వెతకాలో నీకేం తెలుసు, ఇగ నేను చూస్తాను, అని.

నాకొక విద్య ఉంది, నిజంగానే. ఒక ఊరి గుణం తెలుసుకోవాలంటే ఊళ్లోకి పోనక్కర్లేదు, దాని స్టేజీ దగ్గర ఫుట్‌బోర్డు మీద నిలబడితే చాలు. బస్సు ఆగకముందే మూట విసిరే ఊళ్లున్నాయి. నడిరోడ్డు మీద చేతులు బార్లా చాపి బస్సుకు అడ్డం నిలబడే ఊళ్లున్నాయి. ముసలామె మెట్టెక్కేదాకా మిగిలినవాళ్లంతా కింద ఆగే ఊళ్లున్నాయి. డిపోలో మేం కండక్టర్లం అలాగే చెప్పుకునేవాళ్లం. "ఇయ్యాల మూట ఊరికి డ్యూటీ పడ్డది" అంటే ఏ రూటో అందరికీ తెలిసిపోయేది. మనుషులు ఇంట్లో ఎలా ఉంటారో దాచుకోవచ్చు, బస్సెక్కేటప్పుడు దాచుకోలేరు. ఇప్పుడు ఆడవాళ్లకు టికెట్ డబ్బులు కూడా లేవు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. బస్సు వచ్చిందంటే తొక్కిసలాటే. అలాంటి రోజుల్లో ఒక స్టేజీ దగ్గర జనం నెమ్మదిగా ఎక్కుతున్నారంటే ఆ చోటు బంగారం.

కుసుమంచి పోయే రోడ్డు మీద, ఊరి చివర ఒక కాలనీ స్టేజీ దగ్గర అలాంటి బంగారం దొరికింది. పదిహేను రోజులు అక్కడ పొద్దున్నే కాపు కాసి పరిశీలించానని బామ్మర్దికి చెప్పాను. మూడు రోజులు. మూడో రోజు ఎక్కువసేపు టీ కొట్లోనే ఉన్నాను. కానీ చూసింది మాత్రం చూశాను. ముప్పై మంది దాకా ఆడవాళ్లు, చేతుల్లో టిఫిన్ డబ్బాలు. బస్సు రాగానే ఒకామె "ముందు అవ్వనెక్కనీయిన్రి" అంది. కర్ర పట్టుకున్న ముసలామెను ఇద్దరు అమ్మాయిలు చెరో రెక్కా పట్టుకొని ఎక్కించారు. ఇంకొకామె ఆ ముసలామె సంచిని కిటికీలోంచి లోపలికి అందించింది. మా ఇంటామెను ఈ చేతుల్లో పెట్టొచ్చు అనుకున్నాను. ఆ రోజే ఆ కాలనీలో ఒక ఇల్లు కిరాయికి మాట్లాడి, తాళంచెవి జేబులో వేసుకొని వచ్చాను. ఆమెను తీసుకుపోయి చూపించలేదు. అన్నేళ్ల అనుభవం నాకుండగా చూపించడం ఎందుకనుకున్నాను.

సామాను దింపుకున్నాం. ఇల్లు మంచిదే. వీధి కూడా చూడ్డానికి మంచిదే, ప్రతి ఇంటికీ ఎత్తు గేటు, గేటు ముందు కారో బండో ఎక్కడానికి కట్టుకున్న సిమెంటు ర్యాంపు. ఆ ర్యాంపులు వీధిలోకి ఒకటి రెండడుగులు వస్తే, ఇంకొకటి నాలుగడుగులు, ఎవరిష్టం వాళ్లది. మిగిలిన చోట బండ్లు ఆపి ఉంటాయి, నిన్న ఉన్న చోట ఇవాళ ఉండవు. నాలుగో రోజు పొద్దున ఆమె కర్ర తీసుకొని ఒక్కతే బయలుదేరింది. నేను పేపర్ చదువుతున్నాను. కొంతసేపటికి గేటు చప్పుడైంది. చూస్తే ఆమె చీర కుచ్చిళ్ల దగ్గర రక్తం. ర్యాంపు అంచు పిక్కకు కొట్టుకొని, పడింది. ఎముక విరగలేదు. తోలు లేచిపోయింది.

"ఎవరన్న వచ్చి లేపిన్రా?" అన్నాను.

"ఒక గేటు తీసిన చప్పుడైంది. మళ్ల ఏసిన చప్పుడైంది," అంది.

ఆ తర్వాత ఆమె బయటికి పోలేదు. దెబ్బ మానినా పోలేదు. కిటికీ పక్కన కుర్చీ వేసుకొని కూర్చునేది. "ఎవరు పోతున్నరు?" అని అడిగేది. నేను తొంగి చూసి "ఎవ్వరు లేరు" అనేవాణ్ణి. కొన్నాళ్లకు అడగడం మానేసింది. అప్పుడు నాకు ఛాతీ నొప్పి వచ్చినప్పటికన్నా ఎక్కువ భయం వేసింది. ఆ నొప్పికి స్టెంటు ఉంది. దీనికేం వెయ్యాలి?

మరి స్టేజీ దగ్గరి ఆ చేతులన్నీ ఏమైనట్టు? టీ కొట్టాయన్ని అడిగాను. ఆయన పాలు తిరగబోస్తూ నవ్వాడు.

"ఆళ్లా పెద్దాయనా? ఆళ్లు ఇక్కడోళ్లు కాదు. లోపలి పల్లెలోళ్లు. షేరింగ్ ఆటోల ఇక్కడిదాక వచ్చి బస్సు మారుతరు. ఈ కాలనీ మనిషి బస్సెక్కంగ నేనైతే ఎన్నడు చూడలె. అందరికీ బండ్లున్నయ్."

ఇంటికి నడిచే దారంతా అబద్ధాలు వెతుక్కున్నాను. ఇంటి ఓనరు ఖాళీ చెయ్యమన్నాడని చెబుదామా? నీళ్లలో ఏదో ఉందని చెబుదామా? గడప దాటాక ఏదీ నోట్లోకి రాలేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆమె నవ్వడం మొదలుపెట్టింది. ఆ ఇంట్లోకి వచ్చాక ఆమె నవ్వడం అదే మొదటిసారి.

"ముప్పై ఏండ్లు బస్సుల తిరిగినవ్ గదయ్యా. మనుషులు ఎక్కేకాడ కాపురముంటరా? దిగేకాడ ఉంటరు. పొద్దుగూకంగ ఎవరు యాడ దిగుతున్నరో చూడాలె గని."

ఇంత చిన్న సంగతి నాకెందుకు తట్టలేదు? కండక్టరుకు ఎక్కేవాడే మనిషి. వాడి దగ్గర టికెట్ తెగాలి, వాడు ఎక్కడికి పోతాడో అడగాలి, వాడి మొహం గుర్తుంచుకోవాలి. దిగేవాడు మాకు ఖాళీ సీటు. ఒక్క విజిల్, రైట్ రైట్, అంతే. అన్నేళ్లలో దిగినవాడు దిగి ఎటు నడిచాడో నేను ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. ఇది పెంచి చెప్పడం కాదు.

రిటైరైన వాళ్ల పాస్ ఉంది కాబట్టి ఆ మర్నాటి నుంచి సాయంత్రం బస్సుల్లో తిరగడం మొదలుపెట్టాను. ఊరి చివరిదాకా పోవడం, తిరిగి రావడం. డోరు పక్క సీట్లో కూర్చొని దిగేవాళ్లను చూడటమే పని. తిరుమలాయపాలెం బస్సులో ఉన్న కండక్టరమ్మ మూడో రోజు నా ముందు నిలబడింది.

"తాతా, రోజూ ఎక్కుతున్నవ్, యాడ దిగుతలేవ్. ఇంట్ల కొట్లాటయిందా?"

"ఇల్లు వెతుకుతున్న బిడ్డా."

"బస్సులనా?"

"అవ్, బస్సులనే."

ఆమె డ్రైవర్ వైపు చూసి తల దగ్గర వేలు తిప్పింది. నేనూ ఆ వేలు ఎంతమంది వెనక తిప్పానో.

ఆ బస్సులోనే దొరికింది. ఊరు దాటీ దాటకముందు ఒక స్టేజీ. సాయంత్రం అక్కడ పదిమంది దిగితే ఏ ఒక్కరూ గబగబా చెదిరిపోయేవాళ్లు కాదు. పక్కనే సందు. సందు మొదట్లో వడ్రంగి షెడ్డు. అందులో రందెతో చెక్కను చిత్రిక పడుతున్న మనిషి తల ఎత్తకుండానే "ఇయ్యాల లేటయిందేంది టీచరమ్మా?" అనేవాడు. ఆ టీచరమ్మ కూరగాయల సంచి ఆయన బల్ల మీద పెట్టి, గిర్నీలోకి పోయి పిండి డబ్బా తెచ్చుకొని, మళ్లీ సంచి తీసుకొని పోయేది. మూడు సాయంత్రాలు చూశాను. నాలుగో సాయంత్రం నేనూ దిగాను. కండక్టరమ్మ విజిల్ వేయకుండా నా వైపు ఒక్క క్షణం చూసి, "దొరికిందా?" అంది. నేను దిగాక నన్ను వెనక్కి తిరిగి చూసిన మొదటి కండక్టరు ఆమే.

ఈసారి తాళంచెవి జోలికి పోలేదు. ముందు మా ఇంటామెను తీసుకొచ్చి, కిరాయికున్న ఇంటి గుమ్మం ముందు నిలబెట్టాను. బామ్మర్దీ వచ్చాడు, ముక్కు మూసుకుంటూ.

"బావా, ఇది కాలనీ గాదు, సందు. అక్కా, పక్కనే పిండి గిర్ని. పొద్దందాక కడకడకడ."

"గిర్ని ఏ చేతి పక్క?" అంది ఆమె.

"కుడి పక్క."

"ఎప్పుడు బందు పెడతరు?"

"ఆదివారం."

"ఆదివారం ఎట్లరా మరి?"

"ఆదివారం చర్చి మైకుంది గదా, ఎడమ పక్క," అన్నాడు. అని, తను ఎవరి వైపు మాట్లాడుతున్నాడో అప్పుడు అర్థమై నోరు మూసుకున్నాడు.

ఆమె ఎడమ చెయ్యి గోడకు ఆనించి నడిచింది. ఆ సందులో ఇళ్లు ఒకదానికొకటి అంటుకొని ఉంటాయి, గోడ ఎక్కడా తెగదు. మురిక్కాలువ మీద బండలు పరిచి ఉన్నాయి, కదలకుండా. వడ్రంగి షెడ్డు దగ్గర చెక్కపొట్టు వాసనకు ఆగింది. గిర్ని ఎదుట ఆగింది. తిరిగి వచ్చి సరిగ్గా ఖాళీ ఇంటి గుమ్మం ముందు నిలబడింది. ఆ ఇల్లు వడ్రంగిదే. ఆయన భార్య తలమీద కొంగు సర్దుకుంటూ బయటికి వచ్చి చూస్తూ ఉంది.

"అమ్మా, కండ్లు కనబడవా?"

"ఎదురుంగ ఉన్నది జరంత కనబడతది."

"మా వాకిట్ల చెక్కలు, బల్లలు పడుంటయ్ గదా. అన్నీ తీపిస్త. ఫికర్ పెట్టుకోకు."

"తియ్యకమ్మా," అంది మా ఇంటామె. "ఏడున్నయి ఆడ్నే ఉండనీ. రోజుకో దిక్కు జరపకుంటే చాలు."

ఆవిడ షెడ్డు వైపు తిరిగి కేకేసింది. "వింటున్నవా జీ? ఆ పెద్ద బల్ల ఇగ ఆడ్నే. ఈదిలకు జరిపితే నిన్ను జరుపుత."

లోపల రందె ఆగి, "అచ్ఛా" అని వినబడి, మళ్లీ మొదలైంది.

ఇల్లు మారాం. మొదటి వారం నేను పక్కన నడిచాను. రెండో వారం ఆమె వద్దంది, ఇంట్లోనే కూర్చున్నాను. కూర్చున్నానని ఆమెకు చెప్పాను. నిజానికి పది అడుగుల వెనక నడిచాను, చప్పుడు కాకుండా, దొంగలాగా. రెండు రోజులు దొరకలేదనుకున్నాను. మూడో రోజు సందు మధ్యలో ఆగి, వెనక్కి తిరక్కుండానే గట్టిగా అంది.

"ఆ చెప్పులన్న మార్చుకో. సందంత వినబడుతున్నయ్."

వడ్రంగి నవ్వు ఆపుకోలేక రందె పక్కన పెట్టాడు. "రా చాచా, కూసో. చాయ్ తాగు. ఆమెను పోనీ."

కూర్చున్నాను. కర్ర చప్పుడు గోడ వెంట పోయి, గిర్ని చప్పుడులో కలిసిపోయింది. దుకాణం గిర్నికి ఇవతలే, ఉప్పు పాకెట్ కోసం పోయింది. చాయ్ అయిపోయింది. ఆమె రాలేదు. ఇంకో చాయ్ ఇచ్చాడు, అది చల్లారింది. లేవబోతే వడ్రంగి నా భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు. గంటలు గడిచాయని రాద్దామనుకున్నాను. అరగంట కూడా కాలేదు. కానీ ఆ అరగంటలో సందు అవతలి చివరనున్న ఇంకో పెద్ద రోడ్డు మీద పోయే ప్రతి లారీ హారన్ నాకు వినబడింది.

కర్ర చప్పుడు ముందు వినబడింది, తర్వాత ఆమె. ఒక చేతిలో ఉప్పు పాకెట్, ఇంకో చేతిలో చిన్న కాగితం కవరు. గిర్ని దాటి, సందు చివరిదాకా పోయి, మెడికల్ షాపులో నా గోలీలు తెచ్చింది. ఖాళీ అట్ట ఒకటి పొద్దున్నే కొంగున కట్టుకొని పోయిందట, పేరు చెప్పడం రాదని. షాపాయన రెండుసార్లు సరిచూసి ఇచ్చాడట.

"గంత దూరం ఎందుకు పోయినవ్?" అన్నాను. కోపంగా అందామనుకున్నాను, కుదరలేదు.

"రేపటికి నీకు గోలీలు లెవ్వు. చూసుకున్నవా?"

చూసుకోలేదు. ఇంట్లోకి పోయి మంచం మీద కూర్చున్నాం. ఆమె కాళ్లు చాపుకొని, నాకు దారి చెప్పడం మొదలుపెట్టింది. గిర్ని అవతల ఒక ఇంట్లో రోజూ ఈ టైముకు పోపు పెడతారు, ఆ వాసన వచ్చిందంటే సందు సగం అయినట్టు. ఆ తర్వాత ఒక అరుగు మీద కుట్టుమిషన్. ఆ మిషన్ కుట్టే ఆమె పిలిచి మంచినీళ్లిచ్చింది, ఆమెది సత్తుపల్లి. మెడికల్ షాపుకు మూడు మెట్లు, మూడోది చిన్నది. వీటిలో సగం నాకు తెలియదు. నేను వింటూ కూర్చొని, ఆమె తెచ్చిన అట్టలోంచి ఒక గోలీ తీసి మింగాను.